శంషాబాద్‌లో ముఖానికి జిరాక్స్

శంషాబాద్ ఎయిర్‌పోర్టులో దేశంలోపలి విమానాలు ఎక్కేవాళ్లకు ఇప్పుడు రెండు రకాల వరుసలున్నాయి. ఒక వరుసలో సీఐఎస్ఎఫ్ జవాను మన టికెట్టు, గుర్తింపు కార్డు చేతిలోకి తీసుకుంటాడు. పేరు చదివి, ముఖం వంక ఒకసారి చూసి లోపలికి పంపిస్తాడు. రెండో వరుసలో ఆ పని కెమెరా చేస్తుంది. బోర్డింగ్ పాస్ మీది బార్‌కోడ్ అద్దం మీద పెట్టి, కెమెరా వైపు చూస్తూ నిలబడితే గేటు తెరుచుకుంటుంది. సెక్యూరిటీ చెకింగ్ దగ్గరా, విమానం ఎక్కే చోటా కూడా ముఖమే టికెట్టు. దీని పేరు డిజియాత్ర.

శంషాబాద్ ఊళ్లో, పాత బెంగళూరు రోడ్డు పక్కన నాకొక జిరాక్స్, ఆన్‌లైన్ సెంటరుంది. టికెట్ల ప్రింట్లు, వీసా కాగితాలు, ఆధార్ డౌన్‌లోడ్లు, పాస్‌పోర్టు దరఖాస్తులు మా దగ్గర జరిగే పనులు. దుబాయికో కువైట్‌కో పోయేవాళ్లు, వాళ్లను దింపడానికి జగిత్యాల నుంచో నిజామాబాద్ నుంచో రాత్రంతా ప్రయాణం చేసి వచ్చిన ఇంటివాళ్లు, ఎయిర్‌పోర్టు కార్గోలో, హౌస్‌కీపింగ్‌లో పనిచేసే మా చుట్టుపక్కల ఊళ్ల పిల్లలు, అందరూ ఏదో ఒక కాగితం కోసం మా గడప తొక్కుతారు. ఈ మధ్య ఫోన్ నా చేతికిచ్చి, "అక్కా, గా మొఖం యాప్ ఎక్కియ్యరాదు" అనేవాళ్లు ఎక్కువయ్యారు. ఎక్కించి చేతికిచ్చాక వాళ్లలో చాలామంది ఒకటే అడుగుతారు. "మన మొఖం ఇగ ఆళ్ల దగ్గర్నే ఉంటదా?"

పెద్ద చదువులు చదివినవాళ్లు ఈ ప్రశ్న అడగడం నేను పెద్దగా చూడలేదు. తొందరలో ఉంటారు, నొక్కమన్నచోటల్లా నొక్కుతారు. ఈ ప్రశ్నకు సరైన జవాబు చెప్పాలంటే ఆ యాప్ ఎలా పనిచేస్తుందో, ఎవరు నడుపుతున్నారో తెలుసుకోవాలి. అందుకని చదవడం మొదలుపెట్టాను.

డిజియాత్ర విధానాన్ని కేంద్ర పౌర విమానయాన శాఖ 2018లో ప్రకటించింది. ముఖం గుర్తించే యంత్రాలను ప్రయాణికుల మీద మొదట పరీక్షించిన చోట్లలో మన శంషాబాద్ ఒకటి. 2019 జులైలో ఇక్కడ ప్రయోగం జరిగింది. 2022 ఆగస్టులో యాప్‌తో మరో ప్రయోగం చేశారు. దేశంలో అధికారికంగా 2022 డిసెంబరు 1న ఢిల్లీ, బెంగళూరు, వారాణసిలలో మొదలై, 2023లో హైదరాబాద్‌కు, విజయవాడకు వచ్చింది. విశాఖపట్నానికి 2024 సెప్టెంబరులో వచ్చింది. దీన్ని నడిపేది నేరుగా ప్రభుత్వం కాదు. 2019లో పెట్టిన డిజియాత్ర ఫౌండేషన్ అనే సంస్థ నడుపుతుంది. లాభాపేక్ష లేని కంపెనీగా రిజిస్టరైన ఆ సంస్థలో ఎయిర్‌పోర్ట్స్ అథారిటీకి 26 శాతం వాటా ఉంది. మిగతాది ఢిల్లీ, ముంబై, బెంగళూరు, కొచ్చి, హైదరాబాద్ ఎయిర్‌పోర్టుల కంపెనీలది.

పనిచేసే తీరు ఇలా ఉంటుంది. యాప్‌లో ఆధార్ నంబరు ఇస్తే ఓటీపీ వస్తుంది. ఆధార్‌లోని ఫొటో, పేరు ఫోన్‌లోకి వస్తాయి. తర్వాత సెల్ఫీ తీసుకోమంటుంది. ఆధార్ ఫొటో, సెల్ఫీ ఒకే మనిషివని తేలితే ఆ వివరాలకు తాళం వేసి ఫోన్‌లోనే దాస్తుంది. ప్రయాణం దగ్గరపడ్డాక బోర్డింగ్ పాస్ ఎక్కించి, 'పంపు' అని మనం నొక్కితేనే ముఖం వివరాలు బయలుదేరే ఎయిర్‌పోర్టుకు చేరతాయి. అక్కడి కంప్యూటరు కళ్ల మధ్య దూరం, ముక్కు, దవడ కొలతల వంటివాటిని అంకెల వరుసగా మార్చుకుని, గేటు ముందు నిలబడ్డ ముఖంతో పోల్చుకుంటుంది. విమానం బయలుదేరిన 24 గంటల్లోగా ఆ వివరాలన్నీ తుడిచేస్తామని ఫౌండేషన్ చెబుతోంది. అందరి ముఖాలూ ఒక్కచోట పోగుచేసిన పెద్ద గోదాము ఎక్కడా లేదనీ, ఎవరి వివరాలు వాళ్ల ఫోన్లలోనే ఉంటాయనీ దాని మాట.

ఇది మంచి పద్ధతే. ఈ మాట మనస్ఫూర్తిగా అంటున్నాను. కోట్లమంది ముఖాలు ఒక్కచోట పెడితే దొంగకు ఒక్క తలుపు పగలగొడితే చాలు. ఎవరిది వాళ్ల దగ్గరే ఉంటే ఒక్కో తలుపూ విడిగా పగలగొట్టుకోవాలి. 2023-24లో రెండున్నర కోట్లమంది ప్రయాణికులు రాకపోకలు సాగించిన ఎయిర్‌పోర్టులో ఈ తేడా చిన్నది కాదు.

కానీ ఆ 24 గంటల మాట నిజంగా అమలవుతోందని బయటివాళ్లు ఎలా తెలుసుకోవాలి? ఫౌండేషన్ ప్రైవేటు కంపెనీ రూపంలో ఉంది కాబట్టి సమాచార హక్కు చట్టం తనకు వర్తించదంటుంది. ఇంటర్నెట్ ఫ్రీడమ్ ఫౌండేషన్ వంటి పౌర సంస్థలు ఎన్నాళ్లుగానో ఎత్తిచూపుతున్న లోపం ఇదే. అసలు విధాన పత్రంలోనే, భద్రతా అవసరాన్ని బట్టి ఆ తుడిచివేత గడువును మార్చుకునే వీలుండాలనీ, భద్రతా సంస్థలకు వివరాలు ఇవ్వవచ్చనీ రాసి ఉంది. ఎయిర్‌పోర్టుకు భద్రత కావాలి, ఎవరూ కాదనరు. ఆ గడువు ఎప్పుడు మారింది, ఎవరి కోసం మారింది, ఎవరి సంతకంతో మారింది అన్నది రాసిపెట్టి, తర్వాతైనా జనానికి చెప్పే ఏర్పాటు ఉండాలని మాత్రమే నేనంటున్నాను.

2024లో జరిగిన సంగతి మన తెలుగు రాష్ట్రాలకు మరీ దగ్గరిది. డిజియాత్ర సాఫ్ట్‌వేర్‌ను మొదట తయారుచేసింది హైదరాబాద్‌కు చెందిన డేటా ఇవాల్వ్ అనే కంపెనీ. ఆంధ్రప్రదేశ్ పోలీసులకు ట్రాఫిక్ ఈ-చలాన్ల వ్యవస్థ చేసిపెట్టింది కూడా ఆ కంపెనీయే. చలాన్ల డబ్బు కోట్లలో దారి మళ్లిందన్న ఆరోపణతో ఏపీ పోలీసులు కేసు పెట్టారు, అరెస్టులు జరిగాయి. 2024లో ఫౌండేషన్ ఆ కంపెనీతో తెగతెంపులు చేసుకుని, పాత యాప్ తీసేసి కొత్తది వేసుకోమని ప్రయాణికులకు చెప్పింది. డిజియాత్ర వివరాలకు ఏ ముప్పూ రాలేదని కూడా ప్రకటించింది. రాలేదనే నమ్ముదాం. అయినా నాకు నిద్ర పట్టని విషయం ఒకటుంది. ఆ యాప్ వాడుతున్నవాళ్లలో ఎంతమందికి దాన్ని తయారుచేసింది ఎవరో తెలుసు? పాత యాప్ తీసెయ్యమన్నప్పుడు కారణం ఎంతమందికి తెలిసింది? మా దగ్గరికొచ్చిన వాళ్లకు తెలిసిందల్లా, "గది పనిచేస్తలేదు, కొత్తది ఎక్కియ్యి" అన్నంతవరకే.

ముఖం గురించి ఇంత పట్టింపు ఎందుకని అడిగేవాళ్లకు నేను వేలిముద్రల కథ చెబుతాను. పెద్దపల్లి జిల్లా ధర్మారంలో సిమ్ కార్డులమ్మే ఒక యువకుడిని 2018 జూన్‌లో పోలీసులు అరెస్టు చేశారు. అతను ఏ కంప్యూటర్‌లోకీ చొరబడలేదు. రిజిస్ట్రేషన్ల శాఖ వెబ్‌సైట్‌లో భూమి దస్తావేజులు స్కాన్ చేసి పెట్టి ఉండేవి. వాటి మీద అమ్మినవాళ్ల, కొన్నవాళ్ల వేలిముద్రలు, ఆధార్ నంబర్లు కనబడేవి. వాటిని డౌన్‌లోడ్ చేసి, రబ్బరు స్టాంపులు చేసే యంత్రంతో నకిలీ వేలిముద్రలు తయారుచేసి, వాటితో వేల సిమ్‌లు యాక్టివేట్ చేశాడు. సిమ్‌ల అమ్మకాల టార్గెట్ అందుకోవడానికి! ఎయిర్‌పోర్టు కోసం మా వైపు ఊళ్ల నుంచి దాదాపు ఐదున్నర వేల ఎకరాలు తీసుకున్నారు. ఆ తర్వాత చుట్టుపక్కల భూములు ఎన్ని చేతులు మారాయో లెక్కలేదు. మా ఊళ్లలో బొటనవేలు పడని దస్తావేజు ఉందా? ఆ వార్త వచ్చిననాడు మా దగ్గర పెద్దమనుషులు తమ వేళ్ల వంక చూసుకున్నారు. తర్వాతి సంవత్సరాల్లో ఇలాంటి నకిలీ వేలిముద్రలతోనే ఆధార్ ద్వారా బ్యాంకు ఖాతాల్లోంచి డబ్బు లాగిన కేసులు అనేక రాష్ట్రాల్లో బయటపడ్డాయి.

పాస్‌వర్డ్ పోతే మార్చుకుంటాం. ఏటీఎం కార్డు పోతే బ్లాక్ చేసి కొత్తది తెచ్చుకుంటాం. వేలు పోతే? ముఖం పోతే? పైగా ముఖాన్ని దాచుకుని బతకలేం. వేలిముద్ర తీసుకోవాలంటే కనీసం మన చెయ్యి పట్టుకోవాలి. ముఖాన్ని దూరం నుంచి, మనకు తెలియకుండా తీసుకోవచ్చు.

ముఖాల ఫొటోలు ఎప్పుడూ బయటికి పోలేదా అంటే పోయాయి. అమెరికా సరిహద్దు భద్రతా విభాగం దగ్గర పనిచేసే ఒక కాంట్రాక్టరు కంపెనీ ప్రయాణికుల ఫొటోలను అనుమతి లేకుండా తన సొంత కంప్యూటర్లలోకి మార్చుకుంది. 2019లో ఆ కంపెనీ మీద సైబర్ దాడి జరిగింది. దాదాపు 1,84,000 ముఖాల ఫొటోలు దాడిలో చిక్కాయనీ, వాటిలో కొన్ని చీకటి వెబ్‌సైట్లలో కనిపించాయనీ అక్కడి ప్రభుత్వ తనిఖీ నివేదికే చెప్పింది. ప్రభుత్వం నియమాలు పాటించినా, మధ్యలో ఉన్న కంపెనీ పాటించకపోతే ఫలితం అదే.

విమాన ప్రయాణంలో ఆ మధ్యలో ఉన్నవాళ్లే ఎక్కువ. మనం టికెట్టు కొన్నది ఒక వెబ్‌సైట్‌లో. సీటు నమోదు చేసేది ఎయిర్‌లైన్. ఆ ఎయిర్‌లైన్ సర్వర్లు నడిపేది ఇంకెక్కడో ఉన్న మరో కంపెనీ. 2021 ఫిబ్రవరిలో సీటా అనే అంతర్జాతీయ సంస్థ సర్వర్ల మీద దాడి జరిగింది. ఎన్నో ఎయిర్‌లైన్లకు ప్రయాణికుల వివరాల వ్యవస్థ నడిపేది ఆ సంస్థ. దాదాపు 45 లక్షలమంది వివరాలకు దెబ్బ తగిలిందని అదే ఏడాది మేలో ఎయిరిండియా చెప్పింది. 2011 ఆగస్టు నుంచి 2021 ఫిబ్రవరి దాకా నమోదైన పేర్లు, పుట్టిన తేదీలు, ఫోన్ నంబర్లు, పాస్‌పోర్టు వివరాలు అందులో ఉన్నాయి. దాదాపు పదేళ్ల ప్రయాణాలు! వాళ్లలో గల్ఫ్‌కు పోయిన మనవాళ్లు ఎంతమందో ఆలోచించండి. వాళ్లలో ఒక్కరైనా సీటా పేరు విని ఉంటారా?

దొంగతనమే జరగనక్కర్లేదు, ఒక పొరపాటు చాలు. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా కంపెనీ పంపిన ఒక లోపభూయిష్టమైన అప్‌డేట్‌తో ప్రపంచమంతటా దాదాపు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు మూలనపడ్డాయి. మన దేశంలో ఎయిర్‌లైన్ల చెకిన్ ఆగిపోయింది. ఆ రోజు హైదరాబాద్ నుంచి కోల్‌కతా వెళ్లే ఒక ప్రయాణికుడికి ఇండిగో వాళ్లు పెన్నుతో రాసి ఇచ్చిన బోర్డింగ్ పాస్ ఫొటో దేశమంతా చూసింది. చాలామంది దాన్ని తమాషాగా పంచుకున్నారు. నాకు మాత్రం ఆ కాగితాన్ని చూస్తే గౌరవం కలిగింది. యంత్రాలన్నీ ఒకదానికొకటి ముడిపడి ఒక్కసారిగా ఆగిపోతే, పెన్ను పట్టి పని నడిపించగలిగిన మనుషులు కౌంటర్లో ఉన్నారు. గేట్లన్నీ కెమెరాలకు అప్పగించాక కూడా ఆ మనుషులను ఉంచాలి. పని నేర్పి ఉంచాలి. 2024 డిసెంబరులో మన ఎయిర్‌పోర్టులో రద్దీనీ క్యూలనూ ముందే అంచనా వేసే కృత్రిమ మేధ కేంద్రాన్ని మన శ్రీకాకుళం నుంచి వెళ్లిన పౌర విమానయాన మంత్రి రామ్మోహన్ నాయుడు ప్రారంభించారు. ఆ మంత్రే 2025 డిసెంబరులో పార్లమెంటులో మరో సంగతి చెప్పారు. విమానాలకు దారి చూపే ఉపగ్రహ సంకేతాల్లో జోక్యం జరిగినట్టు ఢిల్లీతో పాటు హైదరాబాద్ సహా మరికొన్ని ఎయిర్‌పోర్టుల నుంచి ఫిర్యాదులొచ్చాయన్నారు. కొత్త యంత్రం వచ్చిన చోటికి కొత్త ప్రమాదం కూడా వస్తుంది. రెంటికీ ఒకేసారి మనుషులను సిద్ధం చేయాలి.

డిజియాత్ర ఇప్పటికి దేశంలోపలి ప్రయాణాలకే. విదేశాలకు పోయేవాళ్ల సంగతి వేరు, మా సెంటర్‌కు వచ్చేది ఎక్కువగా వాళ్లే. ఇమిగ్రేషన్ దగ్గర త్వరగా వెళ్లిపోయేందుకు నమ్మకమైన ప్రయాణికుల పథకం ఒకటి 2025 జనవరిలో హైదరాబాద్‌కు వచ్చింది. వేలిముద్రలు, ముఖం ముందే నమోదు చేసుకుంటే ఆటోమేటిక్ గేటు గుండా వెళ్లొచ్చు. ఆ నమోదు ఐదేళ్లు, లేదా పాస్‌పోర్టు గడువు ముగిసేదాకా ఉంటుంది. 24 గంటలకూ ఐదేళ్లకూ ఎంత తేడానో చూడండి. ఒకే ఎయిర్‌పోర్టులో, అదే ముఖానికి! ఇది ఎవరో దాచిన విషయం కాదు, నిబంధనల్లోనే ఉంది. చదివి చెప్పేవాళ్లే కరవు.

గల్ఫ్‌కు పోయేవాళ్లకు ఒప్పుకోవడం, ఒప్పుకోకపోవడం అన్న మాటే ఉండదు. కువైట్ ప్రభుత్వం అక్కడున్న విదేశీయులందరూ 2024 చివరికల్లా వేలిముద్రలు, ముఖం వంటి వివరాలు ఇచ్చి తీరాలంది. ఇవ్వనివాళ్ల బ్యాంకు లావాదేవీలు ఆపేశారు. కడప, అన్నమయ్య, గోదావరి జిల్లాల నుంచి వెళ్లి అక్కడ ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లకు అది ఎంత భయమో ఊహించండి. ఇవ్వకపోతే జీతం ఇంటికి పంపలేరు. ఇచ్చాక అది ఎక్కడికి పోయిందో అడగడానికి భాష రాదు.

చిప్ ఉన్న పాస్‌పోర్టులు కూడా వస్తున్నాయి. మొదట మొదలుపెట్టిన నగరాల్లో హైదరాబాద్ ఒకటి. అట్ట మీద చిన్న బంగారు రంగు గుర్తు ఉంటే లోపల చిప్ ఉన్నట్టు. మొన్న ఒక పెద్దమనిషి ఆ గుర్తు మీద వేలు పెట్టి, "బిడ్డా, గీ చిప్పుతోటి నేను యాడున్ననో ఆళ్లకు ఎరుకైతదా?" అని అడిగాడు. ఎరుక కాదు. ఆ చిప్‌కు బ్యాటరీ లేదు, అది ఉపగ్రహంతో మాట్లాడదు. యంత్రాన్ని దగ్గరగా పెట్టినప్పుడు మాత్రమే మేలుకుంటుంది. అప్పుడు కూడా పాస్‌పోర్టు తెరిచి, లోపలి పేజీ అడుగున ఉన్న రెండు వరుసల అక్షరాలను యంత్రం చదివితేనే తాళం తీస్తుంది. లోపలి వివరాల మీద ప్రభుత్వం డిజిటల్ సంతకం ఉంటుంది కాబట్టి ఫొటో మార్చి దొంగ పాస్‌పోర్టు చేయడం చాలా కష్టం. దొంగ ఏజెంట్ల చేతుల్లో మోసపోయిన కుటుంబాలను దగ్గరగా చూసినదాన్ని కాబట్టి ఈ చిప్ రావడం నాకు సంతోషం. సాంకేతికత అంటే ప్రతిదీ భయపెట్టేదే కాదని ఆ పెద్దాయనకు వివరంగా చెప్పాను.

నిజం చెప్పాలంటే, ఎయిర్‌పోర్టు కెమెరాల కంటే ముందు జాగ్రత్త పడాల్సింది మా లాంటి సెంటర్ల దగ్గరే. ఆధార్ సంస్థ బెంగళూరు ప్రాంతీయ కార్యాలయం 2022 మే 27న ఒక ప్రకటన చేసింది. ఆధార్ జిరాక్సులు ఎవరికి పడితే వాళ్లకు ఇవ్వొద్దు, నెట్ సెంటర్ల కంప్యూటర్లలో డౌన్‌లోడ్ చేయొద్దు, చేస్తే తప్పకుండా తుడిచెయ్యండి అంది. జనం కంగారుపడతారని రెండు రోజులకే దాన్ని వెనక్కి తీసుకున్నారు. వెనక్కి తీసుకోకుండా ఉండాల్సిందని నా అభిప్రాయం. అందులో చెప్పినవన్నీ నిజాలే.

మా దగ్గర ప్రింటు కావాలంటే జనం మా నంబరుకు వాట్సాప్‌లో పంపుతారు. ఆధార్, పాస్‌పోర్టు, వీసా, పెళ్లి సర్టిఫికెట్, పిల్లల పుట్టిన తేదీ, అన్నీ. అవి ఫోన్ గ్యాలరీలో చేరతాయి. బ్యాకప్ పెట్టి ఉంటే ఇంకో చోటికి కూడా పోతాయి. పెద్ద జిరాక్స్ మిషన్లలో చాలావాటికి లోపల హార్డ్ డిస్క్ ఉంటుంది. తీసిన ప్రతి కాగితం బొమ్మ అందులో మిగిలే వీలుంది. అమెరికాలో ఒక ఆరోగ్య బీమా సంస్థ అద్దెకు తెచ్చుకున్న జిరాక్స్ మిషన్లను డిస్కులు తుడవకుండా తిరిగిచ్చేసింది. రోగుల వివరాలు వాటిలోనే ఉండిపోయాయి. 2013లో ఆ సంస్థ 12 లక్షల డాలర్లకు పైగా కట్టుకోవాల్సి వచ్చింది. అందుకే మా సెంటర్‌లో ప్రింటు అయిన వెంటనే మనిషి ఎదురుగానే ఫైలు తీసేస్తాం, వాట్సాప్‌లో కూడా తీసేస్తాం. బ్యాకప్ అసలు పెట్టలేదు. ఆధార్ అడిగినవాళ్లకు మొదటి ఎనిమిది అంకెలు కనబడకుండా వచ్చే మాస్క్‌డ్ ఆధార్ ప్రింటు తీసిస్తాం. చాలాచోట్ల అది సరిపోతుంది. ఆధార్ యాప్‌లో బయోమెట్రిక్ లాక్ పెట్టుకుంటే నకిలీ వేలిముద్రతో ఎవరూ డబ్బు తీయలేరు. ఐదు నిమిషాల పని. ఎవరైనా వచ్చి అడిగితే దీనికి డబ్బులు తీసుకోను.

బోర్డింగ్ పాస్ ఫొటో వాట్సాప్ స్టేటస్‌లో పెట్టొద్దని మాత్రం ప్రతి ఒక్కరికీ చెబుతాను. మొదటిసారి విమానమెక్కే పిల్లలకు అది ఎంత సంబరమో తెలుసు. కానీ ఆ బార్‌కోడ్‌ను ఫోన్లో ఉండే మామూలు యాప్‌తో చదవచ్చు. పేరు, బుకింగ్ నంబరు (పీఎన్ఆర్) అందులో ఉంటాయి. ఆ రెండూ ఉంటే ఎయిర్‌లైన్ వెబ్‌సైట్‌లో మన బుకింగ్ తెరుచుకుంటుంది. ఆస్ట్రేలియా మాజీ ప్రధాని టోనీ అబాట్ 2020లో తన బోర్డింగ్ పాస్ ఫొటో ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టారు. అలెక్స్ హోప్ అనే యువకుడు దాంతో ఆయన బుకింగ్ తెరిచి, పేజీ వెనక దాగి ఉన్న పాస్‌పోర్టు నంబరు, ఫోన్ నంబరు చూడగలిగాడు. అతను మంచివాడు కాబట్టి ప్రభుత్వానికి చెప్పాడు. ఫొటో పెట్టాలనుకుంటే విమానం రెక్కది పెట్టమంటాను.

ఎయిర్‌పోర్టు దాటి నగరంలోకి వస్తే ముఖం కథ ఇంకా పెద్దది. తెలంగాణ పోలీసులు 2018లోనే తమ టీఎస్‌కాప్ యాప్‌లో ముఖం గుర్తించే ఏర్పాటు పెట్టుకున్నారు. 2021 మేలో, లాక్‌డౌన్ రోజుల్లో, సామాజిక కార్యకర్త ఎస్.క్యూ. మసూద్‌ను పాతబస్తీలో పోలీసులు ఆపి, మాస్కు తీయమని ఫొటో తీసుకున్నారు. ఎందుకు తీశారు, ఏ చట్టం కింద తీశారు, ఎక్కడ దాస్తారు అని ఆయన అడిగారు. జవాబు రాకపోవడంతో తెలంగాణ హైకోర్టుకు వెళ్లారు. 2022 జనవరిలో కోర్టు ప్రభుత్వానికి నోటీసులిచ్చింది. ముఖం గుర్తించే యంత్రాల వాడకాన్ని ప్రశ్నిస్తూ దేశంలో కోర్టుకెక్కిన తొలి కేసుల్లో ఇదొకటి. ఆయన అడిగినదీ, మా సెంటర్లో జనం అడిగేదీ ఒకటే.

వివరాలు దాచిపెట్టినవాళ్లు పోలీసులైనా అవి భద్రంగా ఉంటాయన్న హామీ లేదు. మహిళల భద్రత కోసం, ఫిర్యాదుల కోసం జనం నమ్మి వేసుకున్న హాక్ ఐ యాప్ నుంచి వివరాలు బయటికి పోయాయని 2024లో తెలంగాణ పోలీసులే కేసు పెట్టుకున్నారు. ఆ వివరాలను 150 డాలర్లకు అమ్మకానికి పెట్టాడన్న ఆరోపణతో గ్రేటర్ నోయిడాలో 20 ఏళ్ల విద్యార్థిని మన సైబర్ సెక్యూరిటీ బ్యూరో అరెస్టు చేసింది. ఆపదలో పోలీసుల సాయం కోసం ఇచ్చిన ఫోన్ నంబరుకు పలికిన ధర అది.

ఒక అవసరానికిచ్చిన వివరం ఇంకో అవసరానికి వాడుకోవడమే నాకున్న అసలు భయం. క్యూ తగ్గించడానికిచ్చిన ముఖం రేపు ఇంకెవరి చేతికి పోతుంది? 2024 డిసెంబరులో ఆదాయపు పన్ను శాఖ డిజియాత్ర వివరాలతో పన్ను ఎగవేతదారులను పట్టుకోబోతోందని వార్తలొచ్చాయి. అలాంటిదేమీ లేదని ఆ శాఖ వెంటనే ఖండించింది. ఖండించడం మంచిదే. కానీ ఖండన చట్టం కాదు. రేపు ఇంకో అధికారి ఇంకోలా అనుకుంటే ఆపే గీత ఏది? జస్టిస్ కె.ఎస్. పుట్టస్వామి వేసిన కేసులో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని తీర్పిచ్చింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ బీసీ కమిషన్‌కు అధ్యక్షుడిగా పనిచేసిన ఆ పెద్దాయన మనకు పరాయివాడు కాదు. ఎనభై ఏళ్లు దాటిన వయసులో ఆధార్‌ను ప్రశ్నిస్తూ కోర్టుకు వెళ్లి, మనందరికీ ఆ హక్కు సంపాదించిపెట్టారు.

ఆ తీర్పు తర్వాత ఆరేళ్లకు, 2023 ఆగస్టులో, వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణ చట్టం వచ్చింది. దాని నియమాలు 2025 నవంబరులో వచ్చాయి. కంపెనీల మీద ముఖ్యమైన బాధ్యతలు అమల్లోకి వచ్చేది 18 నెలల తర్వాత, అంటే 2027 మేలో. భద్రతలో నిర్లక్ష్యానికి 250 కోట్ల రూపాయల దాకా జరిమానా ఉంది. అయితే ఆ డబ్బు ప్రభుత్వ ఖజానాకే పోతుంది. వివరాలు పోగొట్టుకున్న మనిషికి నష్టపరిహారం ఇచ్చే దారి ఇందులో లేదు. ప్రభుత్వ సంస్థలకు మినహాయింపు ఇచ్చే అధికారం కేంద్రం దగ్గరే ఉంది. ఈ రెండూ నాకు నచ్చలేదు, మారాలని కోరుతున్నాను.

చట్టంలో నేను గట్టిగా పట్టుకున్న వాక్యం ఒకటుంది. మన సమ్మతి అడిగే ముందు ఏ వివరాలు తీసుకుంటున్నారో, ఎందుకు తీసుకుంటున్నారో నోటీసులో చెప్పాలి. ఆ నోటీసును ఇంగ్లిష్‌లో గానీ, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషల్లో కోరుకున్న దాంట్లో గానీ చదువుకునే వీలు కల్పించాలి. వాటిలో తెలుగు ఉంది, ఉర్దూ ఉంది. ఇచ్చిన సమ్మతిని వెనక్కి తీసుకునే హక్కు కూడా ఉంది. తెలుగులో నోటీసు పెట్టడానికి మాత్రం 2027 దాకా ఆగాల్సిన పని లేదు. డిజియాత్ర తప్పనిసరి కాదని ప్రభుత్వమే చెబుతోంది. అయినా ప్రవేశ ద్వారాల దగ్గర సిబ్బంది అడగకుండానే ముఖం నమోదు చేస్తున్నారని ప్రయాణికుల ఫిర్యాదులు వార్తల్లోకి ఎక్కాయి. శంషాబాద్‌లో దేశీయ ప్రయాణాల గేటు దగ్గర, కెమెరాకు ముందే, ఒక పెద్ద బోర్డు పెట్టమని కోరుతూ ఎయిర్‌పోర్టుకు ఒక వినతిపత్రం రాసి, మా సెంటర్ టేబుల్ మీద పెట్టాను. తెలుగులో, ఉర్దూలో, హిందీలో, ఇంగ్లిష్‌లో, కళ్లద్దాలు లేకుండా కనబడేంత అక్షరాలతో ఉండాలని అడుగుతున్నాం. ఇది మీ ఇష్టం, కార్డు చూపించి పక్క వరుసలోంచీ పోవచ్చు, మీ ముఖం ఇన్ని గంటల్లో తుడిచేస్తాం, తుడవకపోతే ఫలానా వాళ్లకు ఫిర్యాదు చేయండి అని ఆ బోర్డు మీద ఉండాలి. ప్రింటు కోసం వచ్చినవాళ్లు చదివి, ఇష్టమైతే కింద సంతకం పెడుతున్నారు. సంతకం రానివాళ్లు వేలిముద్ర వేస్తామన్నారు. వద్దన్నాను, పేరు చెబితే నేనే రాస్తున్నాను.